ఓబుళమ్మ బయట ఉంది

రోజు 41

బయటి రెక్క ఈరోజు పదకొండు సార్లు తెరుచుకుంది. నేను రెండుసార్లు, మా నాయనను కన్న జేజి ఒకసారి. మిగిలిన ఎనిమిదీ పిల్లి కోసం.

శిక్షణలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఇళ్లలోకి పొడి రాకుండా చూసే గాలి సంఘం వాళ్లు ఒక తలుపును అప్పగిస్తారు. ఏడాది పాటు దాన్ని కనిపెట్టుకుని ఉండి, సాయంత్రం ఒక్క వాక్యం నివేదిక పంపాలి. తలుపు నివేదికలో పట్టనిదంతా సొంత పుస్తకంలో రాసుకొమ్మని శిక్షణ ఇచ్చే పద్మనాభం సారు చెప్పారు. నాకు మా ఇంటి తలుపే వచ్చింది. ఏడాది గడిస్తే, పాత నాపరాతి గని అడుగున ఉన్న మా అడుగు వీధిలోని తొమ్మిది తలుపులకూ నేనే కాపరిని అవుతాను. మా వంశంలో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. జేజికి ఈ పుస్తకం చూపిస్తే అక్షరాల మీద వేలు పెట్టకుండా, వేడిగా ఉన్నదాన్ని చూసినట్టు దూరం నుంచి చూసింది.

రెండు రెక్కల మధ్య గది గురించి రాయాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే. బయటి నుంచి వచ్చిన మనిషి ఆ గదిలో నిలబడాలి. బయటి రెక్క మూసుకుంటుంది. నూరు లెక్కపెట్టేంత సేపు దులుపుగాలి కొడుతుంది. ఒంటి మీది రాతి పొడి అంతా పోయాక లోపలి రెక్క తెరుచుకుంటుంది. మనిషైతే కళ్లు మూసుకుని నిలబడతాడు. పిల్లి బయట గోకితే నాయన లోపలి నుంచే బయటి రెక్క తెరుస్తాడు, కానీ ఆ గాలికి అది నిలబడదు. పది లెక్కపెట్టేలోపే ప్రాణం పోతున్నట్టు అరుస్తుంది. నాయన ఆ అరుపు భరించలేడు. అత్యవసరానికి పెట్టిన ఎర్ర మీట లాగి లోపలి రెక్క తెరిచేస్తాడు. పిల్లి తెల్లగా లోపలికొస్తుంది. దాని అసలు రంగు నలుపు.

ఆ తర్వాత నాయన దగ్గుతాడు. ఒక గంట.

రోజు 44

నాయన ముప్పై ఏళ్లు నాపరాళ్లు కోశాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో ఆ రాయే ఉంది. గాలి శుభ్రంగా ఉంటే చాలా ఏళ్లు బతుకుతాడని, లేకపోతే చెప్పలేమని డాక్టరు అన్నాడు. అందుకని మూడేళ్లుగా ఆయన లోపలి రెక్క దాటలేదు. దులుపుకున్నా బట్టల మడతల్లో కాస్త పొడి మిగులుతుందేమోనన్న భయంతో వీధిలో వాళ్లు రావడం మానేశారు. ఆయన మేలు కోరే మానేశారు. అమ్మ పైగనుల్లో నీళ్ల పనికి పోయి వారానికొకసారి వస్తుంది. నేను పొద్దున్నే సంఘం గదికి పోతాను. జేజికి చెవులు సరిగా వినపడవు.

పిల్లి ఒక్కటే ఆయన కోసం బయటి నుంచి లోపలికి వస్తుంది. దానికి పేరు లేదు. "వచ్చినావా" అంటాడు నాయన. అదే తన పేరనుకుంటుంది.

ఈరోజు నేనే అడిగేశాను. "నాయనా, దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఇస్తే ఏం చేస్తాదమ్మీ అది?"

"బతుకుతుంది. నువ్వూ బతుకుతావు."

"బతికి ఏం చేయాల?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే నన్ను అడిగినట్టు అన్నాడు. 

రోజు 46

పిల్లి దూరేంత చిన్న కంత తలుపుకు పెట్టవచ్చా అని పద్మనాభం సారును అడిగాను. ఆయన నవ్వలేదు. పిడికిలంత కంత ఉంటే సాయంత్రానికి మంచాలు తెల్లబడతాయని లెక్కలు వేసి చూపించారు.

ఇంటికొచ్చి చెప్తే నాయన ముఖం వెలిగింది. "ఈ వీధిలో తలుపుల రాతి చట్రాలన్నీ కోసింది నేనే. చీమ దూరే సందు లేకుండా కోసినా. అట్లాంటిది కంత పెడతారంట, కంత!"

ఆ సంతోషంలో రెండుసార్లు మీట లాగాడు.

రోజు 52

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి పిల్లి నాకంటే ముందు తలుపు దగ్గర ఉంది. నేనింకా చెయ్యి పెట్టలేదు. బయటి రెక్క దానంతటదే తెరుచుకుంది. తలుపు తన పట్నపు గొంతుతో, "స్వాగతం, ఓబుళమ్మ" అంది.

నేను ఓబుళమ్మను కాను. నా పేరు సుంకులమ్మ.

మధ్య గదిలో కొట్టిన గాలి దులుపుగాలి కాదు. పసిగాలి. ఏడాది లోపు పిల్లలకు మాత్రమే తలుపు విడిచే మెత్తటి గాలి. చెవి దగ్గర ఎవరో ఊదినట్టు ఉంటుంది, చాలాసేపు వస్తుంది. పిల్లి అందులో కూర్చుని పాదం నాక్కుంది. లోపలికి పోయేటప్పటికి నల్లగా ఉంది.

"జేజీ, ఏం చేశావు?"

జేజి చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "పేరు పెట్టినా."

మా గనిలో బిడ్డ పుట్టిన పదకొండో రోజు ఇంటి పెద్దామె బిడ్డను మధ్య గదిలోకి ఎత్తుకుపోతుంది. చెవిలో మూడుసార్లు పేరు చెబుతుంది. ఆ పేరు తలుపు కూడా వింటుంది. ఒకసారి తిరిగి పలుకుతుంది. ఇక ఆ బిడ్డకు అది ఎప్పుడూ తెరుచుకుంటుంది. దీనికి కాగితం, సంతకం ఏమీ ఉండవు. చదువురాని వాళ్ల కోసం అలా చేశారు. ఒళ్లో ఉన్నది బిడ్డేనా అని తలుపు చూడదు. అది చూడాల్సిన పని ఇంతవరకూ పడలేదు.

"పిల్లికా జేజీ?"

"ఆ, పిల్లికే. నీ నాయన మీట లాగకుండా చేసే ఉపాయం నీ పుస్తకంలో ఏమన్నా ఉండాదా? ఉంటే చెప్పు, తీసేస్తా పేరు."

"ఓబుళమ్మ అంటే మీ అత్త పేరు కదా?"

"ఆమె బతికున్నన్నాళ్లు ఎదురు నిలబడి ఒక్క మాట అనలేకపోతి. ఇంగ అనొచ్చు." పిల్లి వైపు తిరిగి, "ఏమే ఓబుళమ్మా, ఎంత సేపే తిరుగుళ్లు? కొంపకు రావాలని లేదూ?" అంది. అని తనే పకపక నవ్వింది.

"అది మగపిల్లి జేజీ."

"ఉండనీలే. మా అత్తా మగరాయుడే."

నాయన పిల్లిని ఒళ్లో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. దగ్గడం లేదు.

నివేదికలో నేను రాసి పంపిన వాక్యం: మార్పు లేదు.

రోజు 53

నాయన తెల్లవారేదాకా నిద్రపోయాడు. మార్పు లేదు.

రోజు 58

నాయన రెండు రొట్టెలు తిన్నాడు. నన్ను కూర్చోబెట్టి, రాయిలో పొర ఎటు పోతుందో చెవి పెట్టి తట్టి ఎలా కనుక్కుంటారో చెప్పాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంతసేపు ఆయన మాట్లాడటం విని ఎన్నాళ్లయిందో.

మార్పు లేదు అని రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. అయినా రాశాను.

రోజు 63

గని ఆసుపత్రి నర్సు ఎస్తేరు సిస్టరు వచ్చింది. భుజాన బరువు తూచే ఉయ్యాల సంచి.

"ఈ ఇంట్లో కొత్త బిడ్డ పుట్టిందని తలుపు కబురు పెట్టింది. మీ అమ్మకు కానుపు ఎప్పుడైంది? నాకు ఒక్క మాటన్నా చెప్పలేదే!"

 జేజి తడుముకోలేదు. "నిద్దరపోతాంది తల్లీ. లేపితే ఏడుస్తాది. రేపు రా."

అంతలో బయటి రెక్క తెరుచుకుంది. "స్వాగతం, ఓబుళమ్మ." లోపలి రెక్క తెరుచుకునేదాకా ముగ్గురమూ దాని వైపే చూస్తూ నిలబడ్డాం. పసిగాలి చాలాసేపు వస్తుందని ముందే రాశాను. ఈరోజు అది ఇంకా ఎక్కువసేపు వచ్చినట్టు అనిపించింది. తోక పైకెత్తుకుని ఓబుళమ్మ లోపలికొచ్చింది.

సిస్టరు దాన్ని చూసింది. మూలన కూర్చున్న నాయనను చూసింది. తర్వాత సంచి విప్పి, పిల్లిని ఉయ్యాలలో వేసి తూచింది.

"మూడు కిలోల ఏడు వందలు. మంచి బరువే" అంది. నాయన వీపు మీద గొట్టం పెట్టి విని, "నీ ఊపిరి కూడా పోయిన నెల కంటే మేలే దస్తగిరన్నా" అంది.

పోయేటప్పుడు నన్ను మధ్య గదిలోకి తీసుకెళ్లి మెల్లగా చెప్పింది. "నేనేం రాయనులే. కానీ సుద్దగాలి కాలం వస్తాంది. చంటిబిడ్డ బయటుంటే గాలి ఎంత కొట్టినా బయటి రెక్క మూసుకోదు. బిడ్డ వచ్చేదాకా తెరుచుకునే ఉంటాది. నీకు తెలిసిందే కదా. నీ పనే అది. గాలి వచ్చేలోపల పేరు తీసేయమ్మీ."

నాకు తెలుసు. శిక్షణ పుస్తకంలో తొమ్మిదో పేజీ. తెల్ల పొడిని మోసుకొచ్చే సుద్దగాలిని ఆపడం లోపలి రెక్క వల్ల కాదని పదో పేజీలో ఉంది.

రేపు తీసేద్దామనుకున్నాను.

రోజు 67

తీయలేదు. ఆకాశం నిర్మలంగా ఉంది. నాయన గోడ పట్టుకోకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

రోజు 71

ఇది మరుసటి రోజు కూర్చుని రాస్తున్నాను. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు నేను పైన సంఘం గదిలో ఉన్నాను. సారు పక్క గని తలుపులు చూడటానికి పోయారు. పడమటి వైపు, పాత పాలిషు కర్మాగారాల చెత్త దిబ్బల మీద నుంచి తెల్లటి గోడ లేచింది. సుద్దగాలి అంటే ఆ దిబ్బల పొడే. ఒక్కో ఇంటి తలుపూ బిగుసుకుంటూ వస్తోంది. ఒకటి, రెండు, మూడు. నా ముందున్న పలకలో పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. ఎనిమిది వెలిగాయి.

తొమ్మిదోది వెలగలేదు.

వీధంతా వినపడేలా మా తలుపు గొంతు లేచింది. "అడుగు వీధి, ఏడో ఇల్లు. ఓబుళమ్మ బయట ఉంది. వయసు ముప్పై రోజులు. ఓబుళమ్మ బయట ఉంది."

తలుపు అలా పిలిస్తే ఇంటికొకరు బయటికి రావాలి. ఇది సంఘం పెట్టిన నియమం కాదు, వీధి పెట్టుకున్నది. కిటికీలోంచి చూస్తుండగానే ముఖాలకు తడిగుడ్డలు చుట్టుకుని మనుషులు బయటికొచ్చారు. అందరూ ఒకే పగ్గం పట్టుకున్నారు. ముందు ఒకటో ఇంటి ఉసేనప్ప పెదనాయన. నాయనతో కలిసి రాయి కోసినవాడు. ఆయన ఊపిరితిత్తులూ ఏమంత గట్టివి కావు. ఒక పిల్లి కోసం ఎనిమిది మంది సుద్దలోకి పోతున్నారు. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

అవతల లోపలి రెక్క వెనక నాయన.

నేను మైకు తీసుకున్నాను. నా గొంతు నాకే వేరేలా వినపడింది. "నేను సుంకులమ్మను. ఓబుళమ్మ బిడ్డ కాదు. పిల్లి. మా పిల్లి. తప్పు మాది, దాచింది నేను. అందరూ వెనక్కి రాండి."

తర్వాత పేరు తీసేయడానికి పలక మీద చెయ్యి పెట్టాను. పేరు తీస్తే మా రెక్క మూసుకుంటుంది. మూసుకుంటే పిల్లికి ఇక తెరుచుకోదు. కారణం చెప్పమని పలక అడిగింది. మరణం, వివాహం, వలస, ఇతరం. నేను ఇతరం నొక్కాను. వివరం రాయమంది. 'మా నాయన ఊపిరి కోసం' అని రాశాను. అది కారణమో కాదో పలకకు అక్కర్లేదు. ఒప్పుకుంది.

తొమ్మిదో దీపం వెలిగింది. తలుపు పిలవడం ఆపేసింది.

కిటికీ దగ్గరకు పరుగెత్తాను. పగ్గం వెనక్కి తిరుగుతుందని చూశాను. తిరగలేదు. ముందుకే పోతోంది. నా మాట వినపడలేదనుకుని మళ్లీ మైకులో చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. తెల్లటి పొడిలో మనుషులు కనపడకుండా పోయారు. ఇక చేయగలిగింది ఒకటే ఉంది. దారి తప్పకుండా శబ్దం ఆనవాలు ఉంటుందని సైరను మోగిస్తూ కూర్చున్నాను. కాసేపటికి చెవులు ఝుమ్మన్నాయి. మీట మీద నుంచి చెయ్యి తీయలేదు.

గాలి గంటన్నరకు తగ్గింది. వాళ్లు ఏటవాలు దారిలో పైకి, సంఘం గదికే వచ్చారు. ఎనిమిది మందీ ఉన్నారు. లెక్కపెట్టుకున్నాను. ఉసేనప్ప పెదనాయన కూర్చుని చాలాసేపు దగ్గాడు. ఐదో ఇంటి నరసమ్మక్క కొంగులో ఏదో కదులుతోంది.

"పాత కోత మిషను కింద దూరి కూర్చోనుంది ముదనష్టపుది. నా చెయ్యంతా బరికింది చూడు" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. "చెప్పినాను కదా పెదనాయనా! పిల్లి అని మూడుసార్లు చెప్పినాను! వినపడలేదా?"

"వినపడక ఏమి? గని మొత్తం వినపడింది" అన్నాడు ఉసేనప్ప.

"మరెందుకు పోయినారు?"

"నువ్వు చెప్పేదాకా మాకు తెల్దనుకుంటివా? మీ జేజి అత్త పేరు పెట్టి దాన్ని తిడతాంటే వీధంతా ఇని నవ్వుకుంటాండాం ఇరవై దినాల నుంచి." గుడ్డతో మూతి తుడుచుకున్నాడు. తెల్లగా వచ్చింది. నవ్వు తగ్గించి అన్నాడు. "దస్తగిరికి ఇంగేముందమ్మీ? మూడేండ్లు. మేం ఒక్కరమన్నా ఆ ఇంట్లో కూర్చుంటిమా? పిల్లి కూర్చునింది."

నరసమ్మక్క కొంగు గట్టిగా బిగించుకుని, "ఏడుపు ఆపి పోమ్మే ఇంటికి. మీ నాయన యట్లుండాడో చూడు" అంది.

నాయన ఉన్నాడు. జేజి లోపలి రెక్క చుట్టూ తడి చీరలు కుక్కింది. పెట్టెలో దాచుకున్న పెళ్లి చీర కూడా. అయినా పొడి వచ్చింది. నాయన పెదాలు నీలంగా ఉన్నాయి. ఎస్తేరు సిస్టరు తెల్లవారేదాకా ఆక్సిజన్ పెట్టింది. ఆ గొట్టం కింద నుంచి ఆయన అడిగింది ఒకే మాట, పిల్లి దొరికిందా అని. దొరికిందన్నాను. నరసమ్మక్క ఇంట్లో ఉందన్నాను. కళ్లు మూసుకున్నాడు.

"అక్కడే ఉండనీ" అన్నాడు కాసేపటికి. "ఇంగ వద్దులే. వీధిలో వాళ్లను చంపుతాండ్య నేను."

రోజు 74

పిల్లికి పేరు ఉందని తెలిసిన రోజు నుంచి నేను పంపిన నివేదికలన్నీ సారు బల్ల మీద పరిచారు. మార్పు లేదు, మార్పు లేదు, మార్పు లేదు. పంతొమ్మిది కాగితాలు.

"ఇవి ఎవరు రాశారు?"

"నేనే సార్."

"నేను ఏం రాయొచ్చునో చెప్పనా? ఒక పిల్లి వల్ల వీధి ప్రమాదంలో పడిందని రాయొచ్చు. లేకపోతే నా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయికి తలుపు సంగతి తెలుసు, మనిషి సంగతి తెలుసు, రెండూ ఒకే కాగితం మీద రాయడం మాత్రం తెలియలేదని రాయొచ్చు."



ఆయన రెండోది రాశారు. శిక్షణ మళ్లీ మొదటి నుంచి. పేరు పెట్టే సమయంలో ఇక సిస్టరు పక్కన ఉండాలని గని అంతటికీ కొత్త నియమం వచ్చింది. జంతువులకు పేరు లేదు. కంత లేదు.

ఇంట్లో చెప్తే జేజి, "ఏడాదే కదా, తిరిగి రాయి. నీ చేతికేం నొప్పా?" అంది.  తర్వాత మూలన కూర్చుని పెళ్లి చీర మడతల్లోంచి పొడి దులుపుతూనే ఉంది.

రోజు 1

ఈసారి అన్నీ రాస్తాను.

సాయంత్రం ఐదుకు బయటి రెక్క తెరుచుకుంది. "స్వాగతం, నరసమ్మ" అంది తలుపు. నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్య గదిలో పసిగాలి కాదు, మామూలు దులుపుగాలే హోరుమంది. ఆ హోరులో నరసమ్మక్క గొంతు వినపడుతోంది. "అరిచినావంటే చూడు. నీ కోడలి మాదిరి నేనూరుకోను. కండ్లు మూసుకో. నా కొంగులో దూరు. ఆ, అట్ల."

పిల్లి ఒకసారి అరిచింది. రెండోసారి అరవలేదు.

నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. మీట దగ్గరికి పోలేదు. నూరయ్యాక లోపలి రెక్క తెరుచుకుంది. నరసమ్మక్క కొంగు విప్పింది. పిల్లి నల్లగా దిగింది.

"ఇది నా ఇంట్లో అన్నం ముట్టలే దస్తగిరన్నా. ఇచ్చి పోదామని వచ్చినా. బయటికి పోవాలంటే సుంకులు పొద్దున తీసుకపోతాది. సందేళకు ఎవరో ఒకరం చంకన పెట్టుకొస్తాం. వీధిలో అట్లని అనుకున్న్యాం." చీర కుచ్చిళ్లు చూసుకుంది. "బాగానే దులిపింది లే. నాకైతే ఒళ్లంతా దూది ఏకినట్లయింది."

"కూర్చో నరసమ్మా" అన్నాడు నాయన.

ఆమె గుమ్మం పక్కనే, గోడకు ఆనుకుని కూర్చుంది. జేజి నీళ్లిచ్చింది. ఇంతలో మళ్లీ బయటి రెక్క. ఉసేనప్ప పెదనాయన. చేతిలో పిల్లి లేదు, ఏమీ లేదు.

"పిల్లి ఇంటికి చేరిందో లేదో కనుక్కుందామని" అన్నాడు.

"యదురుగానే కనపడతాంది గదా, ఇంగేంది కనుక్కునేది?" అంది జేజి.

"మీ అత్తను నేను కూడా ఒక మాట అనాలమ్మా. చిన్నప్పుడు ఆమె చెట్టు రేగ్గాయలు కోసినానని కట్టె తీసుకుని తరిమింది నన్ను."

నాయన నవ్వాడు. పెద్దగా నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. వంగిపోయి మంచం పట్టె పట్టుకుని దగ్గాడు. నరసమ్మక్క తన చీర వైపు భయంగా చూసుకుని సగం లేచింది.

"కూర్చో" అన్నాడు నాయన, దగ్గు మధ్యలోనే, చెయ్యి ఊపుతూ. "నవ్వితే వచ్చింది ఇది. నీ చీరది కాదు. కూర్చో."

ఆమె కూర్చుంది.

నివేదికలో ఈరోజు రాసి పంపిన వాక్యం: నవ్వినందుకు ఒకసారి దగ్గు వచ్చింది, ఇద్దరు బయటివాళ్లు ఇంకా లోపలే ఉన్నారు.